పట్టీపట్టనట్టు

"పాయింట్లు పోయినయ్" అని ఎవరైనా అంటే ఏం పోయినట్టో నా వయసు వాళ్ళలో చాలామందికి తెలీదు. తెలియాల్సిన అవసరమూ రాలేదు. మేం బైకులు కొనే నాటికే వాటి సీట్ల కింద నల్లటి సీడీఐ బాక్సులు వచ్చేశాయి. అది పాడైతే మెకానిక్ ఊడబీకి కొత్తది పెడతాడు. పాతదాన్ని విప్పి చూసేదేం ఉండదు, లోపలంతా లక్కలాంటి పదార్థం పోసి మూసేసి ఉంటుంది.

పాయింట్లంటే రెండు చిన్న లోహపు బిళ్ళలు. మిరపగింజ కంటే కొంచెం పెద్దవి, మామూలుగా టంగ్‌స్టన్‌తో చేస్తారు. ఒకటి కదలదు. రెండోది స్ప్రింగు చేతి చివర ఉంటుంది. ఇంజను తిరిగేటప్పుడు లోపలి క్యామ్ ఆ చేతిని తోస్తే రెండూ విడిపోతాయి, క్యామ్ దాటగానే మళ్ళీ అతుక్కుంటాయి. అతుక్కుని ఉన్నంతసేపూ కాయిల్లోని లావు తీగ చుట్లలో కరెంటు పారుతుంది. విడిపోగానే ఆ కరెంటు తెగుతుంది, దాని చుట్టూ ఉన్న అయస్కాంత క్షేత్రం కూలుతుంది. ఆ కూలడంలోంచి పక్కనున్న వేల సన్నతీగ చుట్లలో వేల వోల్టులు పుడతాయి. ప్లగ్గులో మెరిసే నిప్పు అదే. 1831లో ఫారడే కనిపెట్టిన సూత్రమే ఇది. దాన్ని బ్యాటరీతో, కాయిల్‌తో కలిపి కార్లకు పనికొచ్చేలా తీర్చిదిద్దినవాడు చార్లెస్ కెట్టరింగ్. 1910 మోడల్ క్యాడిలాక్ కార్లలో అది వచ్చింది. 1973 మోడళ్ళకి క్రైస్లర్ కంపెనీ ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ అన్నిట్లోనూ పెట్టేదాకా, ఆ తర్వాత ఇంకొన్నేళ్ళూ, ప్రపంచంలోని పెట్రోలు ఇంజన్లలో ఎక్కువ భాగం ఈ రెండు బిళ్ళల మీదే నడిచాయి.

మా ఇంట్లో ఉన్నది కారు కాదు. నూజెండ్లలో మా చేలో నీళ్ళు తోడే పాత పంపుసెట్టు, పెట్రోలుతో స్టార్ట్ చేసి కిరసనాయిలుతో నడిపేది. ఊళ్ళో జనం "ఆయిలింజను" అనేది మామూలుగా డీజిల్ ఇంజన్ని. దానికి ప్లగ్గూ ఉండదు, పాయింట్లూ ఉండవు, గాలిని నొక్కిన వేడికే డీజిల్ అంటుకుంటుంది. అది బరువు, ఒకచోట పాతిపెట్టాలి. మాది ఇద్దరు మనుషులు మోసుకెళ్ళగలిగేది. వాగులో నీళ్ళు ఏ మడుగులో మిగిలితే ఆ మడుగు దగ్గర దించొచ్చు. చల్లగా ఉన్నప్పుడు కిరసనాయిలు ఆవిరి కాదు కాబట్టి ముందు పెట్రోలు మీద కాసేపు తిప్పి, ఒళ్ళు వేడెక్కాక తిప్పుడు కుళాయిని మార్చాలి. ఆపేముందు మళ్ళీ పెట్రోలుకి మార్చాలి, లేకపోతే కార్బురేటర్లో కిరసనాయిలు మిగిలిపోయి మర్నాడు తాడు ఎంత లాగినా రాదు. నా చిన్నప్పుడు ఎక్కాలతో పాటు ఇదీ నేర్చుకున్నాను.

బ్యాటరీ లేదు. ఫ్లైవీల్లోనే అయస్కాంతాలుంటాయి, అవి కాయిల్ చుట్టూ తిరుగుతూ కరెంటు పుట్టిస్తాయి. మాగ్నెటో అంటారు. క్యామ్ నేరుగా ఇంజను ఇరుసు మీద ఉంటుంది కాబట్టి ప్రతి చుట్టుకీ పాయింట్లు ఒకసారి తెరుచుకుంటాయి. నిమిషానికి 3000 చుట్లు అనుకుంటే సెకనుకి 50 సార్లు, గంటకి 1,80,000 సార్లు. ఎనిమిది గంటలు తడి పెడితే 14 లక్షల 40 వేల సార్లు ఆ రెండు బిళ్ళలూ కలిసి విడిపోయాయన్నమాట. అవి అరుగుతాయంటే ఆశ్చర్యం లేదు. అన్నిసార్లు పనిచేశాయన్నదే ఆశ్చర్యం.

ఈ సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు ఇంజను స్టార్టవడం మానేసింది. మిరప చివరి కోతలకి ఇంకో రెండు తడులు కావాలి. వినుకొండలో నాన్న ఎప్పుడూ వెళ్ళే మేస్త్రి షెడ్డు మూతపడి చాలా కాలమైంది, అక్కడిప్పుడు సెల్‌ఫోన్ కవర్లు అమ్ముతున్నారు. నరసరావుపేటలో ఒక పాత స్పేర్ పార్ట్స్ కొట్లో పాయింట్ల సెట్టూ కండెన్సరూ దొరికాయి. కొట్టాయన అట్టపెట్టె మీద దుమ్ము ఊది ఇస్తూ "ఇయి అడిగేవాళ్ళు ఇంకా ఉన్నారా?" అన్నాడు.

ఇంజను మీది పేరు పలక అరిగిపోయింది. దాని తరహాని బట్టి మాన్యువల్ వెతికితే నాకు దొరికిన వాటిల్లో ఎక్కువ పడవలవి. కారణం ఉంది. ఇంగ్లండ్‌లోని వుల్వర్‌హాంప్టన్ ఊళ్ళో విల్లియర్స్ అనే కంపెనీ చిన్న ఇంజన్లూ, వాటికి ఫ్లైవీల్ మాగ్నెటోలూ చేసేది. బ్రిటిష్ సీగల్ అని పడవ వెనక తగిలించే మోటార్లుండేవి. వాటిల్లో చాలావాటికి నిప్పు ఇచ్చింది విల్లియర్స్ మాగ్నెటోలే. మన దేశంలో ఎన్‌ఫీల్డ్ వాళ్ళు విల్లియర్స్ ఇంజన్లు తయారుచేశారు. అలా ఉప్పునీళ్ళలో తిరిగే పడవ యజమాని కోసం రాసిన పేజీలే, నల్లరేగడి బురదలో కూర్చునే మా ఇంజనుకీ దాదాపు సరిపోయాయి. మూత తియ్యి, ఫ్లైవీలు నట్టు వదులు చెయ్యి, అర్ధచంద్రం ఆకారంలో ఉండే చిన్న తాళపుముక్క విరగలేదని చూసుకో, పాయింట్ల మొహాలు చూడు. సముద్రం మధ్యలో ఇంజను ఆగితే ఏమవుతుందో ఆ పుస్తకాల్లో రాసి ఉంటుంది. వాగు దగ్గర ఆగితే ఏమవుతుందో నాన్నకి తెలుసు.

నాన్న నులక మంచం చెట్టు కిందికి లాక్కుని కూర్చున్నాడు. "నువ్వే ఇప్పు. నేను చెప్తా" అన్నాడు. అదొక్కటే కొత్త. ఇంతకుముందెప్పుడూ నాన్న ఆ ఇంజన్ని ఇంకొకరి చేత విప్పించలేదు, నా పని టార్చిలైటు పట్టుకోవడం వరకే. పండక్కి వచ్చిన కొడుక్కి నేర్పాలనుకుంటున్నాడేమో అనిపించింది.

ఫ్లైవీలు ఊడొచ్చాక పాయింట్లని వేలి చివర పెట్టుకుని వెలుతురులో చూశాను. చూడ్డం తెలిస్తే అవి చాలా చెబుతాయి. మొహం బూడిదరంగులో సమంగా ఉంటే ఆరోగ్యం. నల్లగా మసిబారితే నూనె తగిలింది. ఒకదాని మీద గుంట, ఎదురుదాని మీద సరిగ్గా అంతే మొటిమ ఉంటే లోహం ఇటునుంచి అటు వలసపోయింది, కండెన్సరు సరిగ్గా లేనట్టు. విడిపోయే క్షణంలో కరెంటు ఆ సందులోంచి దూకకుండా కాసేపు తనలోకి తీసుకోవడమే కండెన్సరు పని. అది చెయ్యకపోతే నిప్పు ప్లగ్గులో కాకుండా ఇక్కడ పడుతుంది. స్ప్రింగు చేతికుండే ఫైబరు మడమ అరిగితే సందు తగ్గిపోతుంది, నిప్పు ఆలస్యంగా పడుతుంది, ఇంజను వేడెక్కి నీరసపడుతుంది. ఆఫీసులో సర్వర్ ఎందుకు పడిపోయిందో తెలుసుకోవడానికి లాగ్స్ చదువుతాం. ఇది లోహం మీద రాసిన లాగ్.

మా పాయింట్ల మీద గుంటా మొటిమా ఉన్నాయి. వాటితో పాటు అడ్డదిడ్డంగా సన్నటి గీతలున్నాయి. స్టేటర్ ప్లేటు మూలల్లో ఎర్రటి మట్టిరంగు పొడి.

ఆ పొడి ఏమిటో వాసన చూస్తే తెలిసింది. అగ్గిపెట్టె పక్కన గీసే పట్టీ. ఊళ్ళల్లో పాయింట్లు శుభ్రం చెయ్యడానికి పాత చిట్కా అది. పట్టీని చించి, మడిచి, ఫ్లైవీలుకున్న కిటికీ లోంచి పాయింట్ల మధ్యకి పోనిచ్చి నాలుగుసార్లు లాగుతారు. అప్పటికి పని జరుగుతుంది. కానీ దాన్లో గాజుపొడి ఉంటుంది, గీతలు పడతాయి, పొడి లోపలే మిగులుతుంది. నాన్నకి ఆ చిట్కా అంటే మంట. ఆయన దగ్గర పలచటి ఆకురాయి ఒకటుంది. దాంతో ఒకే వైపుకి గీసి, ఆ తర్వాత పెట్రోల్లో ముంచిన తెల్లకాయితం ముక్కని మధ్యలోంచి లాగి, కాయితం మీద మరక పడనంతవరకూ లాగుతూనే ఉండేవాడు. ఇంజను దగ్గరికి అగ్గిపెట్టె తెస్తే నన్ను చాలాసార్లు తిట్టాడు కూడా.

"దీన్ని అగ్గిపెట్టెతో గీకిందెవరు నాన్నా?" అన్నాను.

ఆయన మాట్లాడలేదు. అరుగు మీద మిరపకాయల తొడిమలు తీస్తున్న అమ్మ తలెత్తకుండానే "నేనే" అంది.

"నువ్వా?"

"మరి ఎవరు గీకుద్దురు? మీ నాన్న చెయ్యి నిలవదాయె. ఆ ఆకురాయి పట్టుకుంటే అదొక చోట, ఈయనొక చోట. రెండేళ్ళ నించీ నేనే. తాడు లాగేదీ నేనే."

అప్పుడు చూశాను. నాన్న కుడిచెయ్యి ఎడమచేతి కింద ఉంది. మంచం మీద కూర్చున్నప్పటి నుంచీ అలాగే ఉంది.

వారానికి రెండుసార్లు ఫోన్ చేస్తాను. ఇద్దరూ మాట్లాడతారు. వానలు, మిరప రేటు, పక్కింటివాళ్ళ పెళ్ళి, నా బీపీ. ఆ రెండేళ్ళలో ఏ ఫోన్లోనూ ఈ విషయం రాలేదు. రాకూడదని వాళ్ళిద్దరూ అనుకున్నారట, "నువ్వు అక్కడ కంగారు పడతావని". ఇంట్లో వాళ్ళు దాచిన సంగతి ఇంజను దాచలేకపోయింది.

యంత్రాల మరమ్మతు గురించి సాహిత్యం అంటే ఎవరికైనా గుర్తొచ్చేది రాబర్ట్ పిర్సిగ్ 1974లో ప్రచురించిన 'జెన్ అండ్ ది ఆర్ట్ ఆఫ్ మోటార్‌సైకిల్ మెయింటెనెన్స్'. తండ్రి, అతని వెనక సీట్లో కొడుకు క్రిస్, మినియాపొలిస్ నుంచి శాన్ ఫ్రాన్సిస్కో దాకా ప్రయాణం. ఇంజనీరింగ్‌లో ఉండగా మొదటిసారి చదివాను. అప్పుడు నాకు అందులో 'క్వాలిటీ' గురించిన తత్వం గొప్పగా అనిపించింది. తమ బండిని తాము బాగుచేసుకోవడం ఇష్టపడని స్నేహితుల్ని రచయిత సున్నితంగా తప్పుపట్టడం నచ్చింది. ఈ మధ్య మళ్ళీ చదివితే ఇంకోటి కనిపించింది. అందులో తండ్రికి ఒకప్పుడు మతి చెడింది, ఆసుపత్రిలో ఉన్నాడు. కొడుక్కి ఆ సంగతి తెలుసుకోవాలనుంది. తండ్రి చాలాదూరం వరకూ చెప్పడు. దాని బదులు టాపెట్ల గురించి, ప్లగ్గుల గురించి, తర్కం గురించి పాఠకుడికి వందల పేజీలు చెబుతాడు. క్రిస్‌కి దారంతా కనిపించేది తండ్రి వీపు. జబ్బు గురించి మాట్లాడలేక యంత్రం గురించి మాట్లాడే తండ్రి కథగా చూస్తే ఆ పుస్తకం నాకు ఇంకా దగ్గరైంది.

దగ్గరైనందుకే ఒక వెలితీ కనిపించింది. ఆ ప్రయాణంలో తల్లి దాదాపు లేదు. మరమ్మతు అనేది దాంట్లో ఒక మగవాడు తన మనసు కుదుర్చుకోవడానికి ఎంచుకున్న సాధన. నేను చదివినంతలో మన కథల్లో మోటలూ ఎద్దులూ ఉన్నంతగా ఇంజన్లు లేవు. ఉన్నచోట కూడా తాడు లాగేవాడు మగవాడే. మా చేలో రెండేళ్ళుగా ఒక అరవై ఏళ్ళ ఆడమనిషి బురదలో మోకాళ్ళ మీద కూర్చుని, కిటికీ లోంచి కనిపించీ కనిపించని రెండు బిళ్ళల్ని అగ్గిపెట్టె ముక్కతో గీస్తోంది. ఆమె దీన్ని సాధన అనుకోలేదు. తడి పెట్టాలి, అంతే.

కొత్త పాయింట్లు బిగించడం ఆ సాయంత్రమే పూర్తి చేశాం. సందు ఎంతుండాలో కొలవడానికి ఫిల్లర్ గేజ్ వాడతారు. నాన్న దగ్గరున్నది ఎప్పుడో పోయింది. ఆయన పద్ధతి గడ్డం గీసుకునే బ్లేడ్లు. ఒక్కోటి 0.1 మిల్లీమీటరు మందం ఉంటుంది, నాలుగు కలిపి పట్టుకుంటే 0.4. మా ఇంజనుకి కావలసింది అంతే. ఎవరు చెప్పారో తెలీదు గానీ ఇది చాలా తెలివైన కొలత. ఏ పల్లెటూరి బడ్డీకొట్లో కొన్నా అదే మందం.

ఇరుసుని తిప్పుతూ క్యామ్ బాగా ఎత్తున ఉన్నచోట ఆపాలి. పాయింట్లు అప్పుడే పూర్తిగా విచ్చుకుంటాయి. కదలని బిళ్ళ మరని సగం వదులు చేసి, నాలుగు బ్లేడ్లూ మధ్యలో పెట్టి, బిళ్ళని జరిపి, మర బిగించాలి. బిగించాను.

"లాగి చూడు" అన్నాడు నాన్న.

బ్లేడ్లు బయటికి రాలేదు.

"బిగిచ్చేటప్పుడు జరుగుద్ది రా అది. ఎప్పుడూ జరుగుద్ది. బిగిచ్చినాక మళ్ళీ చూసుకోవాలి."

మళ్ళీ వదులు చేశాను. ఈసారి బ్లేడ్లు ఏ ఆనవాలూ లేకుండా జారిపోయాయి. సందు ఎక్కువైంది. అంటే పాయింట్లు ముందే తెరుచుకుంటాయి, నిప్పు తొందరపడుతుంది, తాడు లాగినప్పుడు ఇంజను వెనక్కి తన్నొచ్చు.

"ఎట్టా రావాలి నాన్నా?"

"పట్టీపట్టనట్టు రావాలి."

మాన్యువల్లో దీనికి రాసి ఉన్నది 'స్వల్ప ఘర్షణ' లాంటి మాట. అది చదివితే చేతికి ఏమీ అందదు. పట్టీపట్టనట్టు అనగానే అందింది. బ్లేడు పాయింట్లని తాకుతుంది, కానీ కదిలించదు. పోతున్నప్పుడు ఉందని తెలుస్తుంది, ఆపదు. నాలుగోసారికి కుదిరింది. అమ్మ చేతులు కడుక్కుని వచ్చి తనూ ఒకసారి బ్లేడ్లు పెట్టి లాగి చూసింది. "ఓహో ఇంతా" అంది. రెండేళ్ళుగా ఆమె చేస్తున్నది గీకడమే. సందు కొలవొచ్చని ఆమెకి ఎవరూ చెప్పలేదు.

నాన్న "నువ్వు అడిగితే చెప్పనా?" అన్నాడు.

అమ్మ "నువ్వు చెప్తే అడగనా?" అంది.

చీకటిపడే వేళ ప్లగ్గు విప్పి ఇంజను ఒంటికి ఆనించి, పెట్రోలు ఆవిరికి దూరంగా జరిపి, తాడు లాగాం. నీలం నిప్పు, చిటుక్కుమని చప్పుడు. పసుపుపచ్చగా పడితే బలం లేనట్టు. మర్నాడు పొద్దున రెండో లాగుడికే స్టార్టయింది. తడి పారింది.

పాయింట్లని తీసేసి, వాటి స్థానంలో పెట్టే చిన్న ఎలక్ట్రానిక్ మాడ్యూళ్ళు దొరుకుతాయి. అగ్గిపెట్టెలో సగం ఉంటుంది. కాయిల్ నుంచి వచ్చే తీగని దానికి కలిపితే చాలు, కరెంటుని ఎప్పుడు తెంచాలో అదే చూసుకుంటుంది. అరిగేదేం లేదు, గీకేదేం లేదు. నాకు అది పెట్టడం ఇష్టం లేదు. కారణాలు బోలెడు కనిపించాయి. పాయింట్లు పాడైతే ఎందుకు పాడయ్యాయో చెబుతాయి, మాడ్యూలు చెప్పదు. పాయింట్లు పాడయ్యేది కొంచెం కొంచెంగా, ముందు హెచ్చరించి. మాడ్యూలు ఒకరోజు బతికి ఉంటుంది, మర్నాడు ఉండదు. రాత్రిపూట చేలో అది చచ్చిపోతే చెయ్యగలిగేదేం లేదు. ఇవన్నీ నిజాలే. రోజూ మూసేసిన పెట్టెల మధ్య పనిచేసేవాడికి, విప్పి చూడగలిగే వస్తువు మీద కలిగే మోజు కూడా వీటిలో కొంత ఉంది.

అమ్మకి ఫోన్లో ఇదంతా చెప్పాను. విన్నది. "ఆ పెట్టె పెడితే కూచుని గీకే పని ఉండదంటావ్, అంతేనా?"

"అంతే."

"అయితే పెట్టెయ్యి నాయనా. నా మోకాళ్ళు వంగటం లేదు."

ఉగాదికి వెళ్ళి పెట్టాను. అరగంట పని. పాయింట్లనీ, కండెన్సరునీ, నాలుగు బ్లేడ్లనీ నాన్న పాత పొగాకు డబ్బాలో వేసి, ఇంజను పక్కనే కట్టాను. ఎలక్ట్రానిక్ పెట్టె పోయిన రోజు వాటిని మళ్ళీ బిగించుకోవచ్చు. బిగించడం ఇప్పుడు అమ్మకీ వచ్చు.

ఇక ఆ ఇంజను మా ఇంటి సంగతులు నాకు చెప్పదు. దాని మొహం మూసేశాం. కాబట్టి నేనే అడగాలి. "బాగున్నారా?" అంటే "బాగున్నాం" అనే జవాబే వస్తుంది, అది పనికిరాదు. ఈ మధ్య ఫోన్లో "ఇవ్వాళ చొక్కా గుండీలు ఎవరు పెట్టారు నాన్నా?" అని అడుగుతున్నాను. "అన్నం చెంచాతో తిన్నావా, చేత్తోనా?" అని అడుగుతున్నాను. మొదట్లో విసుక్కున్నాడు. ఇప్పుడు కొన్నిసార్లు నిజం చెబుతున్నాడు.

పోయిన నెల గుంటూరులో నరాల డాక్టరు దగ్గరికి ముగ్గురం వెళ్ళాం. నాన్న చెయ్యి బల్ల మీద పెట్టించి, ఒక కాయితం మీద సుడి గియ్యమంది డాక్టరమ్మ. గీశాడు. గీత అంచులు మిరపమొక్క ఆకుల్లా వణికాయి. ఆమె దాన్ని చాలాసేపు చూసింది. ఆ చూపు నాకు అర్థమైంది. లోహం మీద గుంటనీ మొటిమనీ నేను అలాగే చూశాను.

"ఎన్నాళ్ళ నుంచి పెద్దాయనా ఇది?"

"ఈ మధ్యేనమ్మా. చలికాలం నుంచి."

అమ్మ పక్కనుంచి "రెండేళ్ళు" అంది.

నాన్న అమ్మ వైపు చూశాడు, తర్వాత నా వైపు చూశాడు. కాదనలేదు. డాక్టరమ్మ చీటీ మీద రెండేళ్ళు అని రాసుకుంది.